గడ్డ పగిలితే కూలి కోస్తారా?

పోయిన యాసంగిలో, సంక్రాంతి దాటిన పది పదిహేను రోజులకు, తూంకుంట నుంచి పదకొండు మంది ఆడవాళ్లు ట్రాలీ ఆటోలో శామీర్‌పేట అవతలికి ఆలుగడ్డ తవ్వే పనికి పోయారు. మూడు రోజుల పని. మూడో నాడు పొద్దుగూకే వేళ కూలి అడిగితే మేస్త్రి లెక్క తిరగేశాడు. "గడ్డంత పగలగొట్టిండ్రు. సేటు తరుగు తీసిండు. ఆ తరుగు మీ కూలిల కోస్త" అన్నాడు. అంటే మనిషికి ఒక రోజు కూలి గంగలో కలిసినట్టే.

కబురు తెలిసి మర్నాడు పొద్దున్నే మేము ఆ పొలానికి వెళ్లాం. వేరు చేసి పారబోసిన గడ్డల కుప్ప గట్టు మీద ఇంకా అట్లాగే ఉంది. మేము మేస్త్రితో వాదం పెట్టుకోబోతుంటే, వయసు మళ్లిన ఒక అక్క కుప్పలోంచి రెండు గడ్డలు ఏరి మా చేతిలో పెట్టింది. "అన్నా, గీ రెండు సూడు. ఇది పార తగిలింది, లోపట పచ్చిగున్నది. ఇంకోటి సూడు, పగుల్ల తోలు గట్టింది. తోలు గట్టాలంటే ఎన్ని దినాలు గావాలె? మేమొచ్చి మూడు దినాలేనాయె!" అన్నది.

మేస్త్రి నోట మాట రాలేదు. మాకూ కాసేపు రాలేదు. ఇన్నేళ్లుగా కూలి పోరాటాల్లో తిరుగుతున్నా, గడ్డను చూసి లెక్క తేల్చవచ్చని మాకు అప్పటిదాకా తట్టలేదు. తర్వాత పుస్తకాలు తిరగేసి చూశాం. వ్యవసాయ శాస్త్రజ్ఞులను అడిగి చూశాం. ఆ అక్క చెప్పింది అక్షరాలా నిజం.

అందుకే ఈ వారం ఆలుగడ్డ గురించి రాస్తున్నాం. ఏ రకం గుణమేమిటో, ఏ పనిలో ఏ లోపం జరిగితే గడ్డ ఎట్లా చెడుతుందో వ్యవసాయ కార్మికుడికి తెలిసి ఉండాలి. పంట తెలివి రైతుకే, అధికారికే పరిమితమైతే, నష్టం వచ్చినప్పుడల్లా నేరం కూలి నెత్తి మీదనే పడుతుంది.

జ్యోతి కథ

మన బజారులో అమ్మే తెల్ల గడ్డల్లో పాత పేరున్నది "కుఫ్రి జ్యోతి". కుఫ్రి అనేది హిమాచల్ ప్రదేశ్‌లో సిమ్లా దగ్గరి ఊరు. కేంద్ర బంగాళాదుంప పరిశోధనా సంస్థ 1949లో పాట్నాలో పుట్టి, 1956లో సిమ్లాకు మారింది. ఆ సంస్థ విడుదల చేసిన రకాలన్నిటికీ ముందు కుఫ్రి అని తగిలించారు. జ్యోతి 1968లో వచ్చింది. చంద్రముఖి కూడా అదే ఏడు వచ్చింది. ఇవి ప్రజల సొమ్ముతో, ప్రభుత్వ పరిశోధనలో పుట్టిన రకాలు. ఏ కంపెనీ సొత్తూ కావు.

జ్యోతి గడ్డ కోడిగుడ్డులా కోలగా, తెల్లగా ఉంటుంది. కళ్లు లోతుగా ఉండవు, కాబట్టి పొట్టు తీసేటప్పుడు వృథా తక్కువ. లోపల కండ తెలుపు. ఇది కూర గడ్డ. చిప్స్ ఫ్యాక్టరీల వాళ్లకు కావలసింది వేరు. వాళ్లకు గడ్డలో నీరు తక్కువ, గట్టి పదార్థం ఎక్కువ ఉండాలి, చక్కెర ఉండకూడదు, లేకపోతే నూనెలో వేయగానే నల్లబడుతుంది. వాళ్ల కోసం 1998లో చిప్సోనా అని వేరే రకాలు తీశారు. మన ఇంటి కూరకు, హోటలు బోండాకు జ్యోతి వంటివే సరిపోతాయి.

కొండల్లోనూ, మైదానంలోనూ, మన దక్కను పీఠభూమిలోనూ పండడం జ్యోతికి ఉన్న పెద్ద గుణం. మైదానంలో 90 నుంచి 100 రోజుల పంట. విత్తనం తొందరగా క్షీణించదని పేరు. వచ్చిన కొత్తలో ఆకుమాడు తెగులును బాగా తట్టుకునేది. ఏళ్లు గడిచేకొద్దీ తెగులు కూడా మారింది, ఆ బలం తగ్గిపోయింది.

ఇక దీని లోపం వినండి. మైదానంలో పండించినప్పుడు జ్యోతి గడ్డకు నేలలోనే పగుళ్లు వచ్చే గుణం ఉంది. నీటి తడి హెచ్చుతగ్గులైతే మరీ ఎక్కువ. అది ఆ రకం స్వభావం. దాన్ని నాటిన వారికి, కొన్న వారికి తెలిసి ఉండవలసిన సంగతి. తెలియదంటే కూలీది తప్పవుతుందా?

మన చలి ఎన్నాళ్లు?

ఆలుగడ్డ చలి పంట. రాత్రి చల్లగా, 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటేనే భూమిలో గడ్డ బాగా ఊరుతుంది. రాత్రి వేడి అంతకు మించితే మొక్క ఆకు పెంచుతుంది కానీ గడ్డ పెంచదు. ఉత్తరాదిలో చలి ఎక్కువ, రోజులూ ఎక్కువ. మనకు గట్టి చలి నవంబరు నుంచి జనవరి దాకా. అందుకే అక్టోబరు రెండో పక్షం నుంచి నవంబరు మొదటి వారాల లోపల నాటు పడిపోవాలి. ఆలస్యమైతే గడ్డ ఊరే వేళకు ఎండలు ముదురుతాయి.

ఈ ఇబ్బంది గ్రహించే 1972లో "కుఫ్రి లవ్‌కర్" అనే రకం తెచ్చారు. మరాఠీలో లవ్‌కర్ అంటే త్వరగా అని అర్థం. పీఠభూమి వేడికి తట్టుకుని తొందరగా గడ్డ కట్టే రకం. 1998లో వచ్చిన పుఖ్‌రాజ్ లేత పసుపు గడ్డ, దిగుబడి ఎక్కువ. ఇప్పుడు దేశంలో విస్తారంగా వేస్తున్నది అదే. 2006లో వచ్చిన సూర్య మరింత వేడికి నిలుస్తుంది. అంటే మన వాతావరణానికి పనికొచ్చే రకాలు లేవని కాదు. ఉన్నాయి. అవి అక్టోబరు లోపల మన చేతికి రావడమే సమస్య. ఆ సంగతికి తర్వాత వద్దాం.

నాటు నుంచి తవ్వుడు దాకా

నేల గుల్లగా ఉండాలి, నీరు నిలవకూడదు. ఎర్ర చల్క, ఇసుక కలిసిన నేల బాగుంటుంది. బంకమట్టిలో గడ్డ వంకర పోతుంది, తవ్వేటప్పుడు మన్ను వదలదు. ఎకరానికి ఎనిమిది పది టన్నుల పెంట తోలి కలియదున్నాలి.

పెద్ద గడ్డలైతే ముక్కకు రెండు మూడు కళ్లు ఉండేట్టు కోసి, మందు పట్టించి, నీడన ఆరబెట్టి నాటాలి. కత్తిని మధ్య మధ్య మందు నీళ్లలో ముంచకపోతే ఒక గడ్డ తెగులు అన్నిటికీ అంటుతుంది. కోల్డ్ స్టోరేజి నుంచి వచ్చిన విత్తనాన్ని వచ్చిన రోజే నాటకూడదు. పది పదిహేను రోజులు నీడలో, గాలి వెలుతురు తగిలే చోట పరిస్తే పొట్టిగా, గట్టిగా మొలక వస్తుంది.

సాలుకూ సాలుకూ రెండడుగులు, మొక్కకూ మొక్కకూ జానెడు దూరం. నెల రోజులకు పైపాటు నత్రజని వేసి బోదెకు మన్ను ఎగదోయాలి. వారం పది రోజులకొకసారి తేలికపాటి తడి ఇవ్వాలి. తవ్వడానికి పది రోజుల ముందు తడి ఆపాలి. పది పదిహేను రోజుల ముందు మొక్కలను నేలమట్టానికి కోసెయ్యాలి. అప్పుడే భూమిలో గడ్డ తోలు ముదురుతుంది. బొటనవేలితో రుద్దితే తోలు ఊడకపోతే తవ్వుడుకు వచ్చినట్టు.

మబ్బు పట్టి, మంచు కురిసి, ఆకులు తడి ఆరకుండా ఉంటే ఆకుమాడు దిగుతుంది. దీని చరిత్ర తెలుసుకోదగ్గది. 1845 నుంచి ఐర్లాండులో ఈ తెగులే పేదల పంటను తుడిచిపెట్టింది. సుమారు పది లక్షల మంది చనిపోయారు. మరో పది లక్షల మంది దేశం విడిచిపోయారు. ఆ రోజుల్లోనే అదే దేశం నుంచి ధాన్యం ఓడలకెక్కి ఇంగ్లండుకు పోయింది. తెగులు గడ్డను చంపింది. మనుషులను చంపింది మాత్రం భూస్వాముల శిస్తు, పాలకుల వ్యాపార నీతి.

చెడ్డ గడ్డ ఎవరి తప్పు?

ఇప్పుడు గట్టు మీది కుప్పకు వద్దాం. పనికిరావని తోసేసిన గడ్డలు అన్నీ ఒకటి కావు. అక్కలూ, తమ్ముళ్లూ, ఈ గుర్తులు మనసులో పెట్టుకోండి.

ఒకటి, పగులు. నేల బాగా ఎండనిచ్చి, ఒక్కసారిగా నిండా నీళ్లు పెడితే గడ్డ లోపలి కండ గబగబా పెరుగుతుంది. పై తోలు అంత వేగంగా సాగదు. నిలువునా నెర్రె విచ్చుకుంటుంది. తర్వాత రోజుల్లో ఆ నెర్రెకు లోపల తోలు కడుతుంది. తోలు కట్టిన పగులు చూస్తే, అది తవ్వకముందే భూమిలో పుట్టిందని తెలుసుకోవచ్చు. బోరు ఎండిపోయి తడి తప్పి ఉండవచ్చు, కరెంటు రాక తప్పి ఉండవచ్చు, రకం గుణం కావచ్చు. తవ్వే చేతికి దానితో సంబంధం లేదు.

రెండు, పచ్చ గడ్డ. మన్ను సరిగా ఎగదోయక గడ్డ బోదె పైకి తేలి ఎండ సోకితే పచ్చబడుతుంది. అందులో సోలనిన్ అనే విషం చేరుతుంది. ఉడికించినా పోదు. తవ్విన గడ్డను ఎండలో వదిలేసినా ఇంతే. కూలి మీద నేరం మోపేవాళ్లకు ఒక మాట. ఎగదోసే రోజుల్లో కూలీలను సగానికి తగ్గించి, ఒక్క రోజులో ముగించమన్నది ఎవరు? తవ్విన రోజున లారీ రాకపోతే గడ్డను కప్పడానికి గడ్డి కూడా ఇవ్వనిది ఎవరు? ఇంకొకటి, పచ్చ గడ్డ చవకగా వస్తుందని కూలీల ఇండ్లకు చేరుతున్నది. పిల్లలకు పెట్టకండి.

మూడు, తోలు లేచిన గడ్డ. మొక్క కోసిన పది రోజులు ఆగకుండా, బజారులో ధర ఉందని తొందరపడి తవ్విస్తే తోలు ఊడి వస్తుంది. ఎంత మెత్తగా పట్టుకున్నా ఊడుతుంది.

నాలుగు, గాటు. ఇది పార దెబ్బ, నాగలి దెబ్బ. పచ్చిగా, తడిగా ఉంటుంది. ఇది పనిలో జరిగేదే, కాదనం. నేల రాయిలా గట్టిబడితే ఎక్కువ, గుల్లగా ఉంటే తక్కువ. పొద్దున ఆరు నుంచి వంగి తవ్వే మనిషికి సాయంత్రం చెయ్యి తప్పడం సహజం. దానికి విశ్రాంతి ఇవ్వాలి కానీ కూలి కొయ్యడం ఏ న్యాయం?

ఈ లెక్కన ఆ రోజు కుప్పను మేము, ఆ అక్కలు, రైతు కలిసి నాలుగు భాగాలుగా ఏరాం. పార గాట్లు అన్నిటికంటే చిన్న కుప్ప అయింది. పగుళ్లది అన్నిటికంటే పెద్దది. మేస్త్రి తలవంచి కోసిన కూలి ఇచ్చాడు. పదకొండు మందిలో తొమ్మిది మందికి అదే రోజు ముట్టింది. ఇద్దరికి వారం తిప్పించుకుని ఇచ్చాడు.

రెండు లక్షల గడ్డలు

ఒక చిన్న లెక్క వేద్దాం. రెండడుగుల సాలు, జానెడు దూరం అంటే ఎకరానికి 33 వేల పైచిలుకు మొక్కలు. మొక్కకు సగటున ఆరు గడ్డలు అనుకుంటే రెండు లక్షల గడ్డలు. ఆ ప్రతి గడ్డా ఒక మనిషి, ఎక్కువ భాగం ఆడమనిషి, వంగి మన్నులోంచి ఏరి, మన్ను దులిపి, తట్టలో వేసి, సైజు చూసి వేరు చేస్తేనే సంచిలోకి పోతుంది. ఇంత పనికి మగమనిషికి ఒక రేటు, ఆడమనిషికి ఇంకో రేటు. సమాన పనికి సమాన వేతనం అని 1976లోనే చట్టం వచ్చింది. అదే మాటను 2019 వేతన కోడ్‌లోనూ రాశారు. పొలం గట్టు దాకా మాత్రం ఆ మాట నడిచి రాలేదు.

మేస్త్రిని ఎందుకు ఎదిరించలేకపోయారని కొందరు అడుగుతారు. తూంకుంట సంగతి తెలియక అడుగుతారు. రాజీవ్ రహదారి వెంట హకీంపేట దాటగానే వచ్చే ఈ ఊళ్లో పొలాలు ప్లాట్లయినాయి. పంచాయతీ పోయి పట్టణ పాలన వచ్చింది. 2005 ఉపాధి హామీ చట్టం గ్రామాలకే రాశారు కాబట్టి, ఊరు పట్టణమని కాగితం మీద రాసిన రోజున కూలి మనిషి చేతిలోని జాబ్ కార్డు చిత్తు కాగితమైంది. భూమి పోయినా పొలం పని తప్ప ఇంకో పని తెలియని వాళ్లు ఆటోల్లో కుక్కుకుని దూరాలకు పోతున్నారు. దూరం పోయిన కూలికి బేరమాడే బలం తగ్గుతుంది. మేస్త్రికి ఆ సంగతి బాగా తెలుసు.

విత్తనం ఎవరి చేతిలో ఉంది?

రైతు మీద మాకు పగ లేదు. ఆ పొలం చేసిందీ కౌలు రైతే. ఆయన మెడకు చుట్టుకున్న తాడు కూడా చూడాలి.

ముక్క 25, 30 గ్రాములు అనుకున్నా, 33 వేల మొక్కలకు ఎనిమిది నుంచి పది క్వింటాళ్ల విత్తనం కావాలి. జ్యోతి బాగా పండితే ఎకరానికి ఎనభై నుంచి వంద క్వింటాళ్లు. అంటే పది బస్తాల్లో ఒక బస్తా విత్తనానికే పోయింది. వరిలో విత్తనం ఖర్చు ఇంతలో పిసరంత. ఆలుగడ్డలో మాత్రం విత్తనం అమ్మేవాడిదే పెద్ద చెయ్యి.

ఆ విత్తనం మన దగ్గర ఎందుకు తయారుకాదు? పేనుబంక వల్ల. ఈ పురుగు మొక్క నుంచి మొక్కకు వైరస్ తెగుళ్లు మోస్తుంది. తెగులు ఏటేటా గడ్డలో పేరుకుని దిగుబడి పడిపోతుంది. పంజాబు, ఉత్తరప్రదేశ్ మైదానాల్లో చలికి పేనుబంక లేని కొన్ని వారాలు దొరుకుతాయి. ఆ వారాల్లో పెంచి, పురుగు పెరగకముందే మొక్క కోసేసి శుభ్రమైన విత్తనం తీసే పద్ధతిని 1950ల చివర్లో మన శాస్త్రజ్ఞులే కనిపెట్టారు. అంతకు ముందు కొండల నుంచే విత్తనం తేవలసి వచ్చేది. మన మెత్తటి చలికి పేనుబంక చావదు. పైగా జనవరి, ఫిబ్రవరిలో తీసిన గడ్డ అక్టోబరు దాకా ఎండలకు నిలవాలంటే 2 నుంచి 4 డిగ్రీల శీతల గిడ్డంగి కావాలి. అది పేద రైతుకు ఎక్కడిది?

అందుకే జహీరాబాద్ రైతయినా, మన మేడ్చల్ వైపు రైతయినా ఆగ్రా లారీ కోసం ఎదురు చూస్తాడు. లారీ ఆలస్యమైతే నాటు ఆలస్యం. సంచిలో జ్యోతి అని రాసి ఉన్నా లోపల ఏముందో మొక్క లేచేదాకా తెలియదు. విత్తనం అప్పు ఇచ్చిన వ్యాపారికే గడ్డ అమ్మాలి. ఆయన తరుగు తీస్తాడు. వ్యాపారి తరుగును రైతు మేస్త్రి మీదికి, మేస్త్రి ఆడకూలి మీదికి నెడతాడు. ఇదే ఆ మూడో రోజు కూలి కథ.

జ్యోతి ప్రజల రకం. రైతు దాచుకోవచ్చు, ఇచ్చి పుచ్చుకోవచ్చు. 2001 మొక్క రకాల, రైతుల హక్కుల చట్టం 39వ సెక్షన్ ఆ హక్కు ఇచ్చింది. అయినా 2019లో పెప్సికో కంపెనీ తన చిప్స్ రకం వేశారని గుజరాత్ రైతుల మీద ఒక్కొక్కరికి కోటి రూపాయలకు పైగా దావా వేసింది. దేశమంతా రైతు సంఘాలు లేచి నిలబడితే వెనక్కు తీసుకుంది. ఆ రకం రిజిస్ట్రేషన్‌ను 2021 డిసెంబరులో రద్దు చేశారు. 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచి ఆ రద్దును కొట్టేసింది. విత్తనం కంపెనీ గుప్పిట్లోకి పోతే రైతు కూడా తన పొలంలో కూలీయే అవుతాడు.

మా కోర్కెలు

తవ్వుడు మొదలుకాక ముందే కూలి రేటు, పని గంటలు, రవాణా ఖర్చు తేల్చాలి. ఆడ, మగ ఒకే కూలి. తరుగు పేరుతో కూలి కోత ఉండకూడదు. గడ్డ ఏరివేత పొలంలోనే, కూలీల ఎదుట జరగాలి.

ఉద్యాన శాఖ ధ్రువీకరించిన విత్తనాన్ని దసరా లోపల మండల కేంద్రానికి చేర్చాలి. పాసు పుస్తకం లేని కౌలు రైతుకూ ఇవ్వాలి. కౌలుదారుకు గుర్తింపు కార్డు ఇవ్వాలని 2011లోనే చట్టం చేశారు. ఆ కార్డు చేతికి రావాలి.

మేడ్చల్, జహీరాబాద్ ప్రాంతాల్లో సహకార రంగంలో శీతల గిడ్డంగి కట్టాలి. వ్యాపారి గిడ్డంగి రైతు అవసరాన్ని కొంటుంది. సహకార గిడ్డంగి రైతుకు ఆగే శక్తినిస్తుంది. ఆగగలిగిన రైతు పచ్చి తోలు గడ్డను తవ్వించడు, కూలిని తొందర పెట్టడు.

పట్టణాల్లో కలిసిన ఊళ్ల కూలీలకు కూడా ఉపాధి హామీ కావాలి.

పేద రైతులకు ఒక మాట. తరుగు కుప్పను కూలీలతో కలిసి నాలుగు భాగాలుగా ఏరండి. ఏరిన కుప్పతో వ్యాపారి ముందు కలిసి నిలబడండి. పగులు చూపి మీ నష్టం మీరు అడగండి, కూలీలు మీ వెనక ఉంటారు. కూలి కోసి మిగుల్చుకున్న రూపాయి మీ జేబులో నిలవదు, అది మళ్లీ విత్తనం అప్పులోకే పోతుంది.

వ్యవసాయ కార్మికులకు ఒక మాట. వచ్చే యాసంగికి తవ్వుడుకు పోయేటప్పుడు సద్దితోపాటు ఈ నాలుగు గుర్తులూ వెంట తీసుకుపోండి. ఎవడైనా కూలి కోస్తానంటే కుప్ప దగ్గరికి నడిపించండి. గడ్డను విరిచి చూపండి. తోలు కట్టిన పగులు అబద్ధం చెప్పదు.